ఆదివారం పన్నెండు నుంచి రెండు దాకా

మేం టెంట్ కొని నాలుగేళ్ళు దాటింది. ఈ నాలుగేళ్ళలో అందులో పడుకున్న రాత్రులు లెక్కేస్తే పదకొండు. క్యాంప్‌గ్రౌండ్ చూసొద్దామని పొద్దున బయల్దేరి, టెంట్ వేసుకునే జాగాల మధ్య, అంటే సైట్ల మధ్య తిరిగి, తీసుకెళ్ళిన పులిహోర తిని, చీకటి పడకముందే ఇంటికొచ్చేసిన ఆదివారాలు మాత్రం ముప్ఫై పైనే ఉంటాయి. మా ఫ్రెండ్స్ మాకు "సర్వే డిపార్ట్‌మెంట్" అని పేరు కూడా పెట్టారు. పెట్టుకోనీండి. ఊరికే మెజర్‌మెంట్ టేపు వేసుకుని తిరగడం లేదు నేను, దానికో కథ ఉంది.

మొన్న ఒక పుట్టినరోజు పార్టీలో మళ్ళీ ఇదే గొడవ. మా ఆయన ఫ్రెండ్ ఒకాయన, "ఏంటి వదినా, వెబ్‌సైట్లో మ్యాప్ ఉంటుంది, ఫొటోలుంటాయి, వంద రివ్యూలుంటాయి, ఫోన్లో రెండు నిమిషాల్లో అయిపోయేదానికి మీరు ఆదివారం మొత్తం తగలేస్తారా" అన్నాడు. ఆయన చెప్పిందాంట్లో అబద్ధం లేదు. మ్యాప్ ఉంది. కాకపోతే ఆ మ్యాప్‌లో అన్ని సైట్లూ ఒకే సైజు చుక్కలే, మిట్ట మీదున్నదీ గుంటలో ఉన్నదీ ఒకేలా కనపడతాయి. ఫొటో ఉంది, అది ఫిబ్రవరిలో తీశారో ఏప్రిల్లో తీశారో తెలీదు. రివ్యూలో "బ్యూటిఫుల్ ప్లేస్" అని ఐదు స్టార్లిచ్చినాయన ముప్ఫై అడుగుల ఆర్వీలో, అంటే ఇల్లులాంటి బండిలో, ఏసీ వేసుకుని పడుకున్నాడేమో, నాలాగా ఇద్దరు పిల్లల్ని పక్కనేసుకుని నేల మీద పడుకున్నాడో లేదో నాకేం తెలుసు.

మా మొదటి క్యాంపింగ్ సంగతి చెప్తా. ఇక్కడ మే చివర్లో వచ్చే మెమోరియల్ డే వీకెండ్, టెక్సస్‌లో డాలస్ నుంచి గంటన్నర దూరంలో ఒక పార్కు, పేరెందుకులే, తప్పు పార్కుది కాదు మాదే. చెరువు కనపడే సైటు కావాలని నేనే ఫోన్లో ఏరి కోరి బుక్ చేశా. కనపడింది, చాలా దగ్గరగా కనపడింది. రాత్రి ఒంటిగంటకి వాన మొదలైంది, అరగంటలో పైన రోడ్డు మీద పడ్డ నీళ్ళన్నీ మా టెంట్ కిందకే దారి చూసుకున్నాయి, చిన్నోడి పరుపు తేలడం మొదలెట్టింది, టార్చ్ పట్టుకుని తడి దుప్పట్లు ఈడ్చుకుంటూ నలుగురం కార్లో దూరాం, తెల్లారేదాకా అద్దాల మీద ఆవిరి తుడుస్తూ కూర్చున్నాం. పొద్దున చూస్తే మాకు పాతిక అడుగుల దూరంలో మిట్ట మీదున్న పక్క సైటు వాళ్ళు పొడిగా కూర్చుని కాఫీ తాగుతున్నారు. నీరు పల్లమెరుగు అని ఊరికే అన్నారా. మా నాన్న తెనాలి దగ్గర ఎకరంన్నర కొనేముందు వానాకాలం వచ్చేదాకా ఆగాడు, మోకాళ్ళ లోతు బురదలో గట్టు వెంట తిరిగి నీళ్ళు ఎటు పోతున్నాయో చూసుకున్నాకే బయానా ఇచ్చాడు. ఆయన కూతుర్ని నేను, పడుకునే జాగాని ఫోన్లో చుక్క చూసి కొనుక్కున్నా.

అప్పట్నుంచీ మా ఇంట్లో ఒకటే రూలు, రెండు గంటల్లోపు దూరం ఉన్న చోటైతే పగలు ఒకసారి వెళ్ళి చూడకుండా రాత్రికి బుక్ చేసేది లేదు.

వెళ్ళడానికీ ఒక టైముంది, అది తెలుసుకోడానికి మాకు ఏడాది పట్టింది. టెక్సస్ స్టేట్ పార్కుల్లో క్యాంప్‌సైట్ ఖాళీ చేయాల్సింది మధ్యాహ్నం పన్నెండుకి, కొత్తవాళ్ళు రావాల్సింది రెండు తర్వాత. ఆ మధ్యలో ఉన్న రెండు గంటలూ సైట్లు ఎవరివీ కావు. అందులోనూ ఆదివారమైతే సాయంత్రం వచ్చేవాళ్ళు తక్కువ, ఒకే దారి చుట్టూ ఉన్న సైట్లన్నీ, అంటే లూపు లూపంతా, ఖాళీగా పడుంటుంది. శనివారం వెళ్తే అన్నిటా జనమే, మనం చూడాల్సిన సైటులో ఎవరో ఒకరు హ్యామక్‌లో పడుకుని ఉంటారు, మనుషులున్న సైటులోకి అడుగు పెట్టకూడదు, మనుషులు లేకపోయినా వాళ్ళ సామాను ఉంటే వాళ్ళ ఇంట్లోకి వెళ్ళినట్టే. అదే ఆదివారం పన్నెండున్నరకి వెళ్తే నిన్న రాత్రి కాపురం ఆనవాళ్ళన్నీ ఉంటాయి, బూడిద ఇంకా వెచ్చగా ఉంటుంది, టెంట్ ఎక్కడ వేశారో గడ్డి నలిగి కనపడుతుంది, కుర్చీలు ఎటు తిప్పుకున్నారో కనపడుతుంది. కుర్చీలు ఎటున్నాయో చూస్తే సాయంత్రం ఎండ ఎటొస్తుందో తెలిసిపోతుంది. ఏ రివ్యూలో రాస్తారండీ ఇది?

ఆఫీసులో మొహమాటం లేకుండా చెప్పేయడమే, "ఇవాళ ఉండటానికి రాలేదు, సైట్లు చూసుకుందామని వచ్చాం" అని. ఇంతవరకూ ఎక్కడా ఎవరూ విసుక్కోలేదు. ఒక పార్కులో కౌంటర్ దగ్గరున్న పెద్దావిడ పేపర్ మ్యాప్ తీసి నాలుగు నంబర్లకి సున్నాలు చుట్టి, ఒక నంబరుకి మాత్రం ఇంటూ కొట్టి, దాని పక్కన ఉడుత బొమ్మ వేసింది. ఆ చెట్టు కిందైతే రాత్రంతా టెంట్ మీద కాయలు రాలుతూనే ఉంటాయట. వెబ్‌సైట్లో ఆ ఉడుత ఎక్కడుంటుంది.

ఇక సైటులో నేను చేసే మొదటి పని యోగా మ్యాట్ పరిచి పడుకోవడం. నవ్వొచ్చినా పర్లేదు, నిలబడితే వాలు తెలీదు, పడుకుంటే తలలోకి రక్తం దిగుతున్నట్టు వెంటనే తెలుస్తుంది. పక్కన నీళ్ళ సీసా అడ్డంగా పెడతా, ఎటు దొర్లితే పల్లం అటు. ఒకసారి ఇలాగే కళ్ళు మూసుకుని పడుకునుంటే రేంజర్ బండి ఆపి "మీకు ఒంట్లో బాగానే ఉందా" అని అడిగాడు, మా అమ్మాయి సిగ్గుతో కార్లోకి పరిగెత్తింది. తర్వాత టేపు. మా టెంట్ పొడవు పదహారు అడుగులు, కొన్నిచోట్ల కంకర పోసి చుట్టూ దుంగలు కట్టిన టెంట్ ప్యాడ్ పన్నెండు అడుగులే ఉంటుంది, ఆ నాలుగడుగులూ రాత్రి తొమ్మిదింటికి చీకట్లో తెలిస్తే మొగుడూ పెళ్ళాల మధ్య ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. ఒక మేకు కూడా తీసుకెళ్తా, నేలలో దిగుతుందో లేదో కొట్టి చూస్తా, ఇక్కడ చాలాచోట్ల నాలుగంగుళాల మట్టి కింద సున్నపురాయే, మేకు ఎస్ ఆకారంలో వంగి వస్తుంది. ఇక ఫైర్ యాంట్స్, ఇవి మన ఎర్రచీమలకి పెద్దక్కలు, వాన పడ్డాక వెళ్తే పుట్టలు మెత్తటి మట్టి కుప్పల్లా పైకి లేచి ఉంటాయి, ఎక్కడెక్కడున్నాయో బాగా కనపడతాయి.

రెస్ట్‌రూమ్ దగ్గరికొస్తే నాకు కొంచెం కోపం వస్తుంది, ముందే చెప్తున్నా. "క్యాంపింగ్ అంటేనే అడ్జస్ట్ అవ్వడం కదా" అనే మాట ఇప్పటిదాకా ఒక్క ఆడమనిషి నోట వినలేదు నేను. అడ్జస్ట్ అయ్యేదెవరు? రాత్రి రెండింటికి ఐదేళ్ళ పిల్లోడు "అమ్మా" అన్నప్పుడు చెప్పులు వెతుక్కుని టార్చ్ పట్టుకుని నడిచేదెవరు? నెలసరి రోజుల్లో రాళ్ళ దారిలో పావుమైలు నడిచేదెవరు? మగాళ్ళకి చెట్టు చాలు, వాళ్ళకి ప్రపంచమంతా క్యాంప్‌గ్రౌండే. మ్యాప్ మీద రెస్ట్‌రూమ్ బొమ్మ ఒకేలా ఉంటుంది, కానీ దగ్గరికెళ్తే ఒకచోట షవరూ వేణ్ణీళ్ళూ ఉంటాయి, ఇంకోచోట నీళ్ళే ఉండవు, గొయ్యి మీద సీటు అంతే. కాబట్టి నేను తలుపు తీసి లోపలికెళ్ళి చూస్తా. లైటు వెలుగుతుందా, గడియ పడుతుందా, షవర్లో బట్టలు తగిలించుకోడానికి కొక్కెం ఉందా. కొక్కెం లేకపోతే తడి నేల మీద నిలబడి ఒక చేత్తో టవలూ ఇంకో చేత్తో పిల్లాడి బట్టలూ పట్టుకుని పళ్ళతో సబ్బు కవరు చించాలి, నేను చించాను, అందుకే చెప్తున్నా. ఆ తర్వాత అక్కణ్ణుంచి సైటు దాకా నడుస్తూ అంగలు లెక్కపెడతా. మరీ దూరమైతే రాత్రి కష్టం, మరీ దగ్గరైతే ఇంకా కష్టం, తెల్లవార్లూ తలుపు దభీదభీమని కొట్టుకుంటుంది, దీపం టెంట్లో పడుతుంది, లూపులో ఉన్న జనమంతా అడ్డదారని మన సైటులోంచే నడుస్తారు. నా లెక్కలో అరవై నుంచి వంద అంగల నడక బాగుంటుంది, ఎవరి దారికీ అడ్డం కాకుండా.

పోయిన మే నెలలో అమ్మ వచ్చింది, ఆర్నెల్లుండటానికి. మోకాళ్ళ నొప్పులు ఆవిడకి. నేను టెంట్ సంగతి చెప్పగానే, "లక్షణమైన ఇల్లు పెట్టుకుని అడవిలో పడుకోవడమేంటే, నాకర్థం కాదు" అంది. సరే పడుకోవద్దులే, వనభోజనాలనుకుని రా అన్నా. ఆ మాటకి మెత్తబడింది. కార్తీకమాసంలో ఉసిరిచెట్టు కింద ఆకులేసుకుని తిని పొద్దుగూకేలోపు ఇల్లు చేరడం మన అలవాటే, రాత్రి బయట ఉండిపోవాలని మనవాళ్ళు ఎప్పుడూ అనుకోలేదు. అలా జూన్‌లో ఒక ఆదివారం పులిహోరా దద్దోజనం కట్టుకుని రే రాబర్ట్స్ లేక్ దగ్గర ఐల్ డు బాయిస్ అనే పార్కు వైపు వెళ్ళాం.

నేను ఫోన్లో దిక్సూచి యాప్ తెరిచి పడమర వెతుక్కుంటుంటే అమ్మ ఎండలో నిలబడి తన నీడ వైపు చూసుకుంటోంది. "టైమెంతే?" అంది. ఒకటిన్నర అన్నా. "మనూళ్ళో పన్నెండు కొట్టేసరికి నీడ కాళ్ళ కిందకొచ్చేస్తుంది, ఇక్కడేంటి ఒకటిన్నరకి వస్తోంది?" ఇక్కడ వేసవికి గడియారం గంట ముందుకు తిప్పుకుంటారమ్మా అంటే, "మీరు తిప్పుకుంటే సూర్యుడు తిప్పుకుంటాడా" అని, కాళ్ళ దగ్గరున్న ఆ కాస్త నీడ ఎటు మొగ్గి ఉందో చూసి, అటు చెయ్యి చాపి "ఇది ఉత్తరం" అంది. నా ఫోన్ కూడా అదే అంది, కాకపోతే పది సెకన్లు గిరగిరా తిరిగాక. ఆ తర్వాత ఆవిడే మూడు సైట్లు తిరిగింది. నేను ఏరుకున్నదాంట్లో పెద్ద ఓక్ చెట్టు పడమర వైపుంది, సాయంత్రం వంటకి చల్లగా ఉంటుందని నా లెక్క. అమ్మ ఒప్పుకోలేదు. "తూర్పున ఏం లేదు చూడు, ఆరున్నరకి పొద్దెక్కితే ఏడున్నరకల్లా నీ గుడారం ఇడ్లీ పాత్రవుతుంది, పిల్లల్ని ఆవిరి మీద ఉడకబెడతావా?" మేం అంతకుముందు జులైలో పడుకున్న రాత్రి అచ్చం అదే జరిగింది, ఆ సంగతి నేనావిడకి చెప్పనేలేదు. తర్వాత తల పైకెత్తి కొమ్మలు చూసింది, ఒక ఎండుకొమ్మ వేలాడుతుంటే దాని కింద వద్దంది. చెట్టు కిందికెళ్తే పైకి చూడటం నాకెప్పుడూ అలవాటు లేదు, నేలే చూసేదాన్ని.

నాకు ఇప్పటికీ ఆశ్చర్యం ఏంటంటే, ఇదంతా తెలిసిన మనుషులం మనం. ఆరుబయట మంచాలు వేసుకునే ఇళ్ళల్లో పెరిగినవాళ్ళం, ఏ మూల గాలొస్తుందో, ఎటు తలపెడితే పొద్దున ఎండ మొహం మీద పడదో చిన్నప్పుడు మనకి ఒకళ్ళు చెప్పాల్సిన పని లేదు. ఇక్కడికొచ్చి ఫోన్లో చుక్కలకి అలవాటుపడ్డాం.

నీళ్ళ సంగతి ఇంకొంచెం చెప్పాలి. 2025 జులై 4 తెల్లవారుజామున టెక్సస్ హిల్ కంట్రీలో గ్వాడలూప్ నది ముప్పావుగంటలో 26 అడుగులు లేచిందని అధికారులు చెప్పారు. నది ఒడ్డున క్యాంపుల్లో, ఆర్వీ పార్కుల్లో నిద్రపోతున్నవాళ్ళు, చిన్నచిన్న ఆడపిల్లలతో సహా, వందమందికి పైగా పోయారు. ఒక్క పగలు వెళ్ళి చూస్తే అలాంటిదాన్నుంచి తప్పించుకోవచ్చని నేననను, అనలేను కూడా, ఎందుకంటే పగలు ఆ నదులు చీలమండ లోతు పారుతూ పిల్లల్ని రమ్మని పిలుస్తున్నట్టుంటాయి. కానీ ఆ వార్త తర్వాత మేం నది పక్కన ఏ సైటు చూసినా చెట్ల మొదళ్ళ వైపు చూస్తాం. పాత వరదకి కొట్టుకొచ్చిన గడ్డీ పుల్లలూ ఏ ఎత్తులో కొమ్మలకి చుట్టుకుని ఉన్నాయో చూస్తే నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో తెలుస్తుంది, కొన్నిచోట్ల అది నా తల పైన ఉంది. అక్కణ్ణుంచి మిట్ట మీదికి నడిచి వెళ్ళే దారి ఎటో పిల్లలకి పగలే నడిపించి చూపిస్తాం. ఫోన్ సిగ్నల్ ఎన్ని గీతలుందో చూస్తాం, హెచ్చరిక మోగాలన్నా గీతలుండాలి కదా.

గ్లెన్ రోజ్ ఊరి దగ్గర డైనోసార్ వ్యాలీ స్టేట్ పార్క్‌కి వెళ్ళినప్పుడు ఈ నది వరస బాగా తెలిసింది. అక్కడ పలక్సీ నది అడుగున రాతి మీద 11 కోట్ల ఏళ్ళ పైబడ్డ డైనోసార్ అడుగులున్నాయి, నీళ్ళు తగ్గితేనే కనపడతాయి, 2022 కరువుకి నది ఎండితే మామూలుగా బయటపడని అడుగులు కూడా తేలాయి. మేం వెళ్ళేసరికి ముందురోజు వాన, నది కాఫీ రంగులో పారుతోంది, ఒక్కచోట మాత్రం అంచున మూడు వేళ్ళ అడుగు ఒకటి దొరికింది, అమ్మ తన చెప్పు దాని పక్కన పెట్టి, "కోడికాలే ఇది, పెద్దకోడి" అని తేల్చేసింది. పిల్లలకి ఆరోజు కావాల్సింది దొరకలేదు, కానీ ముందు రెండు వారాలు పొడిగా ఉంటే తప్ప అక్కడ రాత్రికి బుక్ చేయకూడదని మాకు తెలిసింది. బుక్ చేసుకుని టెంట్ మోసుకుని వెళ్ళుంటే ఏడుపే.

ఇంటికి దగ్గర్లో ఉన్న సీడర్ హిల్ స్టేట్ పార్క్ ఇంకోరకం. మేముండే అర్వింగ్ నుంచి అరగంట, మూడొందల పైన సైట్లు, మొదటిసారి టెంట్ వేసేవాళ్ళకి నేను అదే చెప్తా, ఏది మర్చిపోయినా ఇంటికెళ్ళి తెచ్చుకోవచ్చు. అక్కడొకసారి చీకటి పడేదాకా ఉండి చూశాం, ఊరి పక్కన టీవీ టవర్ల మీద ఎర్రదీపాలు వరసగా ఆరుతూ వెలుగుతూ ఉన్నాయి. నక్షత్రాలు చూద్దామని వెళ్ళేవాళ్ళకి అది నచ్చకపోవచ్చు, మా చిన్నోడు మాత్రం అవే నక్షత్రాలనుకుని లెక్కపెట్టాడు.

ఖర్చు సంగతి అడుగుతారు కదా. మేం స్టేట్ పార్క్స్ పాస్ తీసుకున్నాం, మేం తీసుకున్నప్పుడు ఏడాదికి 70 డాలర్లు, కార్లో ఉన్నవాళ్ళందరికీ ఎంట్రీ. విడిగా అయితే అప్పుడు పెద్దవాళ్ళకి మనిషికి ఏడెనిమిది డాలర్లు చాలాచోట్ల, ఐదారు ఆదివారాలకే పాస్ డబ్బులు వచ్చేశాయి. పాస్ ఉన్నా వీకెండ్‌కి ఎంట్రీ ముందే బుక్ చేసుకోవడం మంచిది, పార్కు నిండితే గేటు దగ్గర్నుంచి వెనక్కి పంపిస్తారు. క్యాంప్‌సైట్లు ఐదు నెలల ముందే తెరుస్తారు, చాలాచోట్ల సైటు నంబరు కూడా మనమే ఎంచుకోవచ్చు, అక్టోబర్ వీకెండ్లు మే నెలలోనే అయిపోతాయి. దీని మీద మనవాళ్ళు కొంతమంది చేసే పని నాకు అస్సలు నచ్చదు, ఒకే వీకెండ్‌కి మూడు పార్కుల్లో బుక్ చేసి పెట్టుకుని, గురువారం వాతావరణం చూసుకుని రెండు క్యాన్సిల్ కొడతారు. ఇంకో కుటుంబానికి దొరకాల్సింది ఇన్నాళ్ళు ఆపి ఉంచినట్టే కదా. ముందే చూసుకున్నవాళ్ళకి ఒకటి చాలు.

నా మాటకి ఎదురు చెప్పడానికి నిజమైన పాయింటు ఒకటుంది, మా అమ్మాయే చెప్పింది. "మనం ఎప్పుడూ చూడ్డానికే వెళ్తాం మమ్మీ, ఉండటానికెప్పుడు?" అని. నిజమే, చూసే పిచ్చిలో ఉండటం మర్చిపోయిన నెలలు ఉన్నాయి. బిగ్ బెండ్ లాంటి చోటుకి డాలస్ నుంచి తొమ్మిది గంటలు, అక్కడికి ఆదివారం వెళ్ళి సైటు చూసి రాలేం, అక్కడ ఫోన్లో చుక్కనే నమ్మాలి, పల్లంలో పడితే పడ్డట్టే. ఒంటరి కుర్రాళ్ళకీ ఇదంతా అక్కర్లేదు, వాళ్ళు కార్లో అయినా నవ్వుకుంటూ పడుకుంటారు. నేను చెప్పేది చిన్నపిల్లలున్నవాళ్ళకి, ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని తీసుకెళ్ళేవాళ్ళకి. ఒక్క రాత్రి చెడితే ఆ టెంట్ గరాజ్‌లో అటక మీదకి పోతుంది, మళ్ళీ దిగదు. అలా అటకెక్కిన టెంట్లు మా వీధిలోనే నాలుగున్నాయి, ఒకటి మొన్న గరాజ్ సేల్‌లో ఇరవై డాలర్లకి పెట్టారు, లేబుల్ కూడా చింపలేదు.

అమ్మ తిరిగి వెళ్ళేముందు, అక్టోబర్లో, తను ఏరిన సైటులోనే ఒక రాత్రి పడుకుంది. రెస్ట్‌రూమ్ అరవై రెండు అంగలు. రాత్రి రెండుసార్లు లేచింది, రెండుసార్లూ నన్ను లేపలేదు. పొద్దున ఎనిమిదిన్నరకి కూడా టెంట్ మీద ఎండ పడలేదు, ఆవిడ మాత్రం ఐదింటికే లేచి బెంచీ మీద శాలువా కప్పుకుని కూర్చుంది, "చలికి నిద్ర పట్టలా, కానీ బాగుందే" అంది. చలి సంగతి ఇద్దరం చూసుకోలేదు, జూన్ మధ్యాహ్నం అక్టోబర్ తెల్లవారుజాము ఎలా కనపడుతుంది.

వచ్చే ఆదివారం బోనమ్ స్టేట్ పార్క్. చిన్నది, 1930లలో సీసీసీ అనే ప్రభుత్వ ఉపాధి పథకం కుర్రాళ్ళు కట్టిన రాతి కట్టడాలున్నాయి, చెరువు కూడా చిన్నదే, సైట్లూ తక్కువ కాబట్టి గంటలో చూసేయొచ్చు. మా ఆయన ఈసారి పులిహోర వద్దు బిర్యానీ చెయ్యమంటున్నాడు. బిర్యానీ పెట్టుకుంటే పదకొండుకి బయల్దేరడం అయ్యే పని కాదు, పదకొండుకి బయల్దేరకపోతే పన్నెండున్నరకి అక్కడుండం. ఇంకా తేలలేదు.